దేవుడున్నడు తియ్యి

తెలిసినవాళ్ల ఇంటికి కష్టం వచ్చిందని విని మీరు వెళ్లారు. "దేవుడున్నాడు, ధైర్యంగా ఉండండి" అని చెప్పారు. బాగుంది. ఆ మాట చెప్పిన తర్వాత ఆ ఇంట్లో ఎంతసేపు ఉన్నారు?

ప్రశ్న నిష్ఠురంగా ఉందని నాకు తెలుసు. కాలేజీలో వాదన పోటీల కోసం తయారైనదాన్ని. ప్రశ్నను మెత్తగా చుట్టి ఇవ్వడం అక్కడ ఎవరూ నేర్పలేదు. పోయిన వారం, బొంగులూరు దగ్గర మేముండే అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకు పక్షవాతం వచ్చింది. మా ఫోన్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. అంతా ఆ పైవాడే చూసుకుంటాడని ఒకరు రాస్తే, వారికి మద్దతుగా మరో నాలుగు జతల చేతులు. మరునాడు పొద్దున ఆయన భార్య పిల్లల్ని బడికి పంపలేక, ఆస్పత్రికి బయలుదేరలేక లిఫ్టు ముందు నిలబడి ఉంది. బొమ్మలు పంపినవాళ్లు ఆమె పక్కనుంచే ఆఫీసులకు వెళ్లారు. నేనూ వెళ్లిపోయేదాన్నే. లిఫ్టు రావడం ఆలస్యమైంది కాబట్టి ఆమె ముఖం చూడవలసి వచ్చింది.

ఆమె పిల్లల్ని నేనే బడి దగ్గర దింపి తిరిగి వస్తుంటే, ఇబ్రహీంపట్నంలో మా పాత ఇంటి అరుగు మీద ఒక ఎండాకాలమంతా విన్న మాట గుర్తుకొచ్చింది. మా వైపు మాటల చివర ‘తియ్యి’ అని ఒకటి తగిలిస్తారు. అక్కడ దానికి తీయడం అన్న అర్థమేమీ ఉండదు. ఈ సంగతి ఇక వదిలేద్దాం అనడానికి అదొక మూత. "వానలు పడ్తయ్ తియ్యి." "పోరడు పాసైతడు తియ్యి." ఆ ఎండాకాలం మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ మా మీద పెట్టి వెళ్లిన మూత ఒక్కటే. "దేవుడున్నడు తియ్యి."

హైదరాబాదు మా వైపు నడిచి వస్తున్న రోజులవి. పొద్దున తలుపు తీస్తే ఆముదపు చేల పచ్చి వాసన వచ్చే చోటినుంచి డీజిల్ వాసన రావడం మొదలైంది. వాన పడకముందే చేలల్లో రాళ్లు మొలిచేవి. ఒళ్లంతా తెల్ల సున్నం, నెత్తిన ఎర్ర రంగు ఉన్న ప్లాట్ల హద్దురాళ్లు. చాయ్ హోటల్ బల్ల మీద కూర్చునే పెద్దమనుషులు అంతకుముందు "మీ దిక్కు వానెట్లున్నది?" అని పలకరించుకునేవాళ్లు. ఇప్పుడు "గజమెట్ల నడుస్తున్నది?" అంటున్నారు. ఒకరోజు మా తమ్ముడు, నేను ఊరికే ఒక హద్దురాయికి పసుపు పూసి బొట్టు పెట్టాం. రెండు రోజుల్లో ఎవరో దానిముందు కొబ్బరికాయ కొట్టారు. వారం తిరిగేసరికి వెంచరువాళ్లు ఆ రాయిని కదిలించడానికి భయపడి రోడ్డునే పక్కకు జరిపారు. ఇది ఏ దేవత, ఎప్పుడు వెలిసింది అని ఒక్క పెద్దమనిషీ అడగలేదు. మేము చేసిన అల్లరికంటే, అడగకుండా మొక్కిన ఆ పెద్దలే నన్ను ఎక్కువ విసిగించారు.

మా బాపు కొంగరకలాన్ వైపున్న చేను అమ్మి కారు కొన్నాడు. కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లను ఇళ్లనుంచి ఆఫీసులకు, ఆఫీసులనుంచి ఇళ్లకు చేర్చే పని. ఆ కారులో ఊదుబత్తి వాసన, ఇంకా విప్పని సీటు కవర్ల ప్లాస్టిక్ వాసన కలిసి ఉండేవి. ఒక తెల్లవారుజామున ఇంటికి తిరిగి వస్తుండగా కంకర లారీ గుద్దింది. బాపు కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. పట్నంలో పెద్ద దవాఖానలో చేర్చారు. అమ్మ అక్కడే ఉండిపోయింది. ఇంట్లో మిగిలింది నాయినమ్మ, నేను, తమ్ముడు, ఒక బర్రె.

అప్పుడు మొదలైంది రాకపోకల ఊరేగింపు. వచ్చేవాళ్లు, మంచం మీద కూర్చునేవాళ్లు, ఎట్లయిందో మొదటినుంచి చెప్పమనేవాళ్లు. నాయినమ్మ మొదటినుంచి చెప్పేది. నేను చాయ్ పెట్టేదాన్ని. కప్పు కింద పెట్టి, కండువా దులుపుకుని, ఆ మాట అని లేచేవాళ్లు. బర్రెకు గడ్డి వేశారా అని అడిగినవాళ్లు లేరు. బాపుకు పెద్దన్న, అంటే మా పెద్దనాయిన, బండి దిగకుండానే ఒక కాలు నేలమీద ఆనించి, ఇంజను ఆపకుండా అన్నాడు. "దేవుడున్నడు తియ్యి అమ్మా. ఫికర్ జెయ్యకు." ఆ బండి పొగ మా వాకిట్లో ఉన్నంతసేపు కూడా ఆయన మా వాకిట్లో లేడు.

తమ్ముడు ఆయన్ని అనుకరించడం నేర్చుకున్నాడు. నోటితో బండి చప్పుడు చేస్తూ వచ్చి, నా ముందు ఆగి, "దేవుడున్నడు తియ్యి" అని మళ్లీ చప్పుడు చేసుకుంటూ పోయేవాడు. నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. నాయినమ్మ కసిరింది.

"నవ్వకుండ్రి. గది తప్పు మాట కాదు."

"మరందరు గామాట అని పోతున్నరు గద?"

"పోయేటోళ్లు పోతరు. మాటేం జేసిందే?"

మా ముందుగదిలో గోదావరి వైపునుంచి వచ్చిన కుటుంబం అద్దెకు ఉండేది. ఆయన బొంగులూరు వెంచర్లలో ప్లాట్లు చూపించే పని చేసేవాడు. ఆ ఆంటీ కూడా వచ్చి, "దేవుడున్నాడండి మామ్మగారూ" అంది. నాయినమ్మ నా చెవిలో, "నన్ను మామ అంటదేందే ఈమె, నేను మొగోన్నా?" అని గొణిగింది. ఆంటీకి వినబడిందో లేదో కాని, ఆమె కూర్చోలేదు. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి, పాలచెంబు తీసుకుని కొట్టంలోకి నడిచింది. "గేదె పాలు నేను తీస్తాను, మీరు కాసేపు నడుం వాల్చండి" అంది. బర్రె ఆమెను ఒక్క తన్ను తన్నింది. చెంబు ఒకవైపు, ఆంటీ ఒకవైపు పడ్డారు. ఆ వారంలో నాయినమ్మ మొదటిసారి నవ్వింది.

"గది బర్రె బిడ్డా. గేదె అంటె దానికి తెల్వది."

"అలాగైతే బర్రె అనే పిలుస్తాను. మీరు పక్కన నిలబడి చెప్పండి" అంది ఆంటీ, మోచేతి పేడ తుడుచుకుంటూ. మూడు రోజుల్లో పాలు పితకడం నేర్చుకుంది. తమ్ముడికి స్నానం చేయించి, ఇంగువ వేసిన పులిహోర డబ్బాలో పెట్టి ఇచ్చేది. అమ్మ దవాఖాననుంచి చేసే ఫోన్ కూడా ఆంటీ సెల్లుకే వచ్చేది.

నాయినమ్మకు ఉన్న ఆసరా శనివారం ఒక్కపొద్దు. పొద్దంతా ఏమీ తినకుండా ఉండి, దీపం వెలిగించాక ఒక్కపూట తినడం. ఆమె దేవుడు వంటింటి గూట్లో ఉన్న నర్సింహస్వామి పటం. పొయ్యి పొగకు ఆయన ముఖం ఎప్పుడో నల్లబడింది, కళ్లు మాత్రమే తెల్లగా కనబడేవి. నాకు ఆ ఉపవాసం మీద చాలా ప్రశ్నలుండేవి.

"చాయ్ తాగితె ఒక్కపొద్దు పోదా నాయినమ్మ?"

"చాయ్ తిండి కాదు."

"ఎవరు జెప్పిండ్రు?"

"నేనే జెప్తున్న."

"నువ్వు తినకుంటె బాపు కాలెట్ల అతుకుతది?"

"నీ నోరు జర బందువెడితె తొందరగ అతుకుతది. పో, బర్రెకు కుడితి వెట్టు."

ఇంత ప్రశ్నించినదాన్ని, నేనే వెళ్లి గూటిముందు నిలబడి ఒక ఒప్పందం చేసుకున్నాను. బాపు కాలు బాగయ్యేదాకా ప్రతి శనివారం నేను కూడా తినను. మొదటి శనివారం గడిచింది. రెండోదీ గడిచింది. మూడో శనివారం నాయినమ్మ తమ్ముడి కోసం సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, పచ్చికారం కలిపి గిన్నె అడుగున పలచగా వత్తి, వేళ్లతో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో ఒక్కో చుక్క నూనె వదిలి మూత పెడుతుంది. ఎర్రగా కాలుతున్న ఆ అంచు వాసనను ఏ దేవుడు పుట్టించాడో కాని, పదేళ్ల పిల్ల మీద ఆయనకు దయ లేదు. అంచు ముక్క ఒకటి విరుచుకుని గడ్డివాము వెనకాల కూర్చుని తిన్నాను. నాలుక కాలింది. రుచి ఇప్పటికీ ఉంది.

ఆ మధ్యాహ్నమే ఆంటీ సెల్లుకు ఫోన్ వచ్చింది. పుండు విషమించిందని, మోకాలి కింద కాలు తీసేయకపోతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు అంటున్నారట. పెద్దమనుషులు వచ్చేదాకా సంతకం పెట్టడానికి అమ్మకు చెయ్యి రావడం లేదట.

ఆ రాత్రి తినలేదు. మరునాడు కూడా తినలేదు. గూట్లోని ఆ తెల్లటి కళ్లను తప్పించుకోవడానికి వంటింట్లోకి అడుగు పెట్టలేదు. బాపు కాలు నేను తిన్నాను. నా లెక్క అంతే. ఆదివారం సాయంత్రం నాయినమ్మ గడ్డివాము దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఏందే, రెండు పొద్దులాయె తినక. కడుపునొస్తున్నదా?"

చెప్పేశాను. సర్వపిండి సంగతి, ఒప్పందం సంగతి అంతా ఏడుస్తూ చెప్పాను. ఆమె ఊరుకోబెట్టలేదు. కోపంగా నావైపు చూసింది.

"అంటె, గింత పొల్ల సర్వపిండి తిన్నదని మీ బాపు కాలు గుంజుకుంటడా ఆయన?"

"నేను మొక్కిన గద. మొక్కి తిన్న గద."

"గసోంటోడైతె నేనెందుకు మొక్కుతనే ఆయనకు? గట్ల జేసేటోన్ని గూట్లె వెట్టుకుంటనా? ఎప్పుడో బయటికి ఇసిరేద్దును."

"మరి నువ్వెందుకు ఒక్కపొద్దుంటున్నవ్?"

ఆమె నా పక్కన కూలబడింది. ఒక గడ్డిపోచ తుంచింది. "భయమైతున్నది బిడ్డా," అంది. "కొడుకు గట్ల పండుకోని ఉంటె చేతులేం జెయ్యాల్నో తెలుస్తలేదు. కడుపు కాలంగనె ఆయన యాదికొస్తడు. ఆయన యాదికొస్తె జర నిలవడ్త. గంతే. కాలుకు, నువ్వు తిన్న బుక్కకు లెక్కేం లేదు. పా, తిందువు."

ఆ తర్వాత నేను చదివిన పుస్తకాల్లో దీనికంటే సూటి సమాధానం దొరకలేదు.

సోమవారం పొద్దున నాయినమ్మ పట్నం బయలుదేరింది. బస్సు బోర్డు చదవడానికి నన్ను తీసుకెళ్లింది. తమ్ముణ్ని, బర్రెను ఆంటీకి అప్పగించింది. ఆమె మగతోడు లేకుండా పట్నం వెళ్లడం అదే మొదటిసారి. దారి పొడవునా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

వార్డులో స్పిరిట్ వాసన, ఫినాయిల్ వాసన. వాటి కింద ఇంకొక వాసన ఉంది. చచ్చిన ఎలుక అటక మీద ఉన్నప్పుడు ఇల్లంతా వచ్చే వాసన. అది మా బాపు మంచం దగ్గరినుంచి వస్తోందని అర్థమయ్యాక నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. బాపు జ్వరంతో కళ్లు తెరవడం లేదు. అమ్మ గోడకు ఆనుకుని ఉంది. కుర్ర డాక్టరు చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు. ఆయన ఎదురుగా పెద్దనాయిన.

"ఇంకో వారం సూద్దాం డాక్టర్ సాబ్. మాకాడ పసరు కట్టేటాయన ఉన్నడు, మస్తు మందికి నయం జేసిండు. కాలు దీస్తె మా తమ్ముడు బతికి ఏం జేస్తడు? మొన్ననే అందరం మొక్కినం. దేవుడున్నడు తియ్యి."

నాయినమ్మ ఆయన్ని దాటి వెళ్లి, దుప్పటి తీసి చూసింది. బాపు పాదం కాలిన కట్టె రంగులో ఉంది. ఆమె వేళ్లతో ఆ వేళ్లను ముట్టుకుంది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

"కాలు పోతె మా పిలగాడు ఉంటడా?"

"ఉండే అవకాశముందమ్మా. ఇంకో వారం ఆగితే మాత్రం ఏం చెప్పలేను."

"అమ్మా, నువ్వు నడుమల రాకు," అన్నాడు పెద్దనాయిన. "దేవుని మీద భారమేసినం గద."

"నువ్వేం భారమేసినవ్‌రా? బండి మీదికెల్లి రెండో కాలు గూడ దియ్యలే." ఆమె గొంతు పెంచలేదు. "ఒకటి జెప్పు. కాలు పోతె దేవుడు గూడ పోతడా? ఒంటికాలోని కాడ ఉండడా ఆయన?"

వార్డులో అటుపక్క మంచాలవాళ్లు కూడా మావైపే చూస్తున్నారు. నాయినమ్మ బొటనవేలు ముందుకు చాపింది.

"దేవుడున్నడు," అంది డాక్టరుతో. "తియ్యి బిడ్డా."

అవే రెండు మాటలు. ఎండాకాలమంతా నేను ఈసడించుకున్నవే. అవి పలికి ఆ కాగితం మీద ఆమె వేలిముద్ర వేసింది. దాని పక్కన అమ్మ సంతకం పెట్టింది.

బాపును లోపలికి తీసుకెళ్లాక, వరండాలో గోడవైపు ముఖం పెట్టి నేలమీద కూర్చుంది నాయినమ్మ. నేను పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నాను.

"ఏం మొక్కుతున్నవ్ నాయినమ్మ?"

"ఏం మొక్కుతలేను. కూసున్న."

"ఎవరికాడ?"

"ఆయన కాడనే."

బాపు బతికాడు. కర్ర పట్టుకుని లేచేసరికి వానాకాలం వచ్చింది. తర్వాత అరుగు మీద చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కాలు పోయిన మొదటి రోజుల్లో ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ కష్టాన్ని నేను తీపి చేసి చెప్పను. కాలు తీసిన వారం, శనివారం నాడు కూడా నాయినమ్మ ఒక్కపొద్దు ఉంది. కాలు పోయింది కదా, ఇంకెందుకు అని విసుక్కున్నాను. "కాలు కోసమనుకున్నవా?" అని మాత్రం అంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి, చెప్పకపోతే ఈ రాత నిజాయితీ తప్పుతుంది. కాలేజీలో ఒకసారి వాదన పోటీకి ఇచ్చిన అంశం, ఆపదలో దేవుణ్ణి ఆశ్రయించడం పలాయనమా అని. నేను అవునని వాదించాను. చాయ్ తాగుతూ ఉపవాసముండే ఒక ముసలమ్మను ఉదాహరణగా తెచ్చాను. ఆమె కొడుకు కాలు పోయినా ఆమెకు బుద్ధి రాలేదన్నాను. హాలంతా నవ్వింది, బహుమతి నాకే వచ్చింది. సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాని వార్డులో ఆమె వేలిముద్ర వేసిన సంగతి దాచాను. ఎందుకంటే అది చెబితే నా పక్షం ఓడిపోతుంది. దాచినదాన్ని అబద్ధమనరు, కాని గెలుపు కోసం నిజాన్ని సగానికి కోసి వాడుకున్నదాన్ని. పెద్దనాయిన కూడా దేవుణ్ణి తన అవసరం మేరకు అలాగే వాడుకున్నాడు. ఇద్దరిలో ఆయనే నయం, ఆయన చప్పట్లు అడగలేదు. నాయినమ్మ వెళ్లిపోయి నాలుగేళ్లు. ఆ పోటీ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పుకోలేదు. చెబితే ఏమనేదో ఊహించగలను, "పో, బర్రెకు కుడితి వెట్టు" అనే ఉంటుంది. ఆ బర్రె లేదు, కొట్టం లేదు. ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు మూడంతస్తుల వసతిగృహం ఉంది.

దేవుణ్ణి ఆశ్రయించేవాళ్లమీద నాకు కోపం లేదు. ఆయన్ని అడ్డం పెట్టుకుని, తామే చేయవలసిన పనినుంచి లేచిపోయేవాళ్లతో మాత్రం నాకు ఓపిక చచ్చిపోయింది. ఆ జాబితాలో చాలా రోజులు నా పేరు కూడా ఉంది కాబట్టి, మిమ్మల్ని ఇంత గట్టిగా అడిగే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

మీకు తెలిసిన ఒక ఇంట్లో ఈ వారం ఎవరో మంచం పట్టి ఉన్నారు. ఎవరో మీకు తెలుసు. రేపు పొద్దున వెళ్లండి. ఏమైనా సాయం కావాలా అని అడగకండి, అలా అడిగితే ఎవరూ అవునని చెప్పరు. తొట్టిలో అంట్లున్నాయేమో చూడండి, తోమండి. మందుల చీటీ ఉంటే తీసుకుని దుకాణానికి వెళ్లండి. అందరూ వాయిదా వేస్తున్న నిర్ణయం ఏదైనా ఉంటే, ఆ మనిషి పక్కన నిలబడి దాన్ని ఆరోజే తీసుకోనివ్వండి. చేతులు తడిగా ఉండగా దేవుడి మాట మీ నోటికి వస్తే, అప్పుడు అనండి. ఆ ఇంటివాళ్లు నమ్ముతారు.